షావుకారు గుమ్మం మీద ఏరియల్ నీడ

నా ఏరియల్ స్తంభాన్ని జగ్గయ్యపేటలో ఎవరెవరు ఏమేమన్నారో నాకు ఇప్పటికీ గుర్తుంది. మా బావమరిది బట్టలారేసుకునే గెడ అన్నాడు. పాలుపోసే ఆవిడ, కాకులకు మంచి వసతి కట్టించారయ్యా అంది. మా పాస్టరుగారు ఒక ఆదివారం బాబెలు గోపురం మీద ప్రసంగం చేస్తూ, "ఆకాశాన్ని అంటుకోవాలనే బుద్ధి మన పేటలో కూడా కొందరికి పుడుతోంది" అన్నారు. మగవాళ్ల వైపు కూర్చున్నవాళ్లంతా మెడలు తిప్పి నన్ను చూశారు. ఆడవాళ్ల వైపు మా ఆవిడ తలవంచుకుని నవ్వు ఆపుకుందని తర్వాత తెలిసింది. నా స్తంభం చర్చి మీది సిలువ కంటే పొట్టిదే. కావాలంటే కొలుచుకోమని ప్రార్థన అయ్యాక ఆయనతో అన్నాను. ఆయన కొలవనూ లేదు, ఆ మాట వెనక్కి తీసుకోనూ లేదు.

ఇవన్నీ చిన్నవి. పెద్దది మా పడమటింటి షావుకారు అన్న మాట. దాని దగ్గరికి వస్తాను.

యుద్ధం రోజుల్లో నేను సైన్యంలో వైర్‌లెస్ పని నేర్చుకున్నాను. తిరిగి వచ్చాక నందిగామ తంతి ఆఫీసులో ఉద్యోగం దొరికింది. డ్యూటీ మధ్యాహ్నం నుంచి. పొద్దున్నంతా ఇంటిపట్టునే ఉండేవాణ్ణి. ఆ తీరికలోనే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. ఇంట్లో సొంత వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని, ప్రపంచంలో అలాగే సెట్లు పెట్టుకున్న వాళ్లతో టకటకా మీట కొట్టి మాట్లాడుకోవచ్చు. దాంతో జీతం రాదు, పాటలు రావు, వార్తలు రావు. మరెందుకండీ అని ప్రతివాళ్లూ అడిగేవాళ్లు. మిమ్మల్ని పేకాట ఎందుకని నేను అడిగానా అని ప్రతివాళ్లనీ అడిగేవాణ్ణి.

సెట్టు సంగతి సులువు. సైన్యం పారేసిన పాత సామాను బజార్లో అమ్మేవాళ్లు, దాంతో నేనే కట్టుకున్నాను. కష్టమంతా స్తంభంతోనే. రాగితీగ ఎంత ఎత్తున కడితే మాట అంత దూరం పోతుంది, అంత దూరం నుంచి వస్తుంది. తీగ రెండో కొస కట్టడానికి మా పెరటి చివర కొబ్బరిచెట్టు ఉంది. మొదటి కొసకు స్తంభం కావాలి. మొదట వెదుళ్లు జోడించి కట్టాను. తొలకరికి ముందు మా వైపు పడమటి గాలి ఎలా కొడుతుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ గాలికి వెదుళ్లు రెండుగా విరిగి మా వంటింటి పెంకుల మీద పడ్డాయి. మా బావమరిది అప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. "గెడ పడితే పడింది, బట్టలు లేవు కదా బావా" అన్నాడు.

రెండోసారి గట్టిగా కట్టాలనుకున్నాను. కింద తాటిదూలం, దాని మీద ఇనప పట్టీలతో బిగించిన సరుగుడు వాసం. కొసన కప్పీ, తీగ పైకి లాగడానికి. స్తంభం నిలబడాలంటే మూడు వైపులా స్టే తీగలు కావాలి. అంటే స్తంభం నడుము నుంచి ఏటవాలుగా లాగి నేలలో మేకులకు కట్టే తీగలు. ఎంత దూరంగా మేకు దిగితే స్తంభానికి అంత బలం. రెండు మేకులకు మా పెరట్లో చోటుంది. మూడోది పడమటి వైపు. అసలు గాలి వచ్చేదే అటునుంచి. అటు మా గోడ స్తంభానికి మరీ దగ్గర. గోడ అవతల షావుకారుగారి పెరడు.

ఆయన మిరపకాయల కమీషను వ్యాపారి. బజార్లో కొట్టు. మా రెండిళ్ల మధ్య అప్పటిదాకా ఒక్క పొరపొచ్చం లేదు. మా ఆవిడ, వాళ్ల ఆవిడ గోడ మీదుగా కూర గిన్నెలు మార్చుకునేవాళ్లు, క్రిస్మస్‌కు మా అరిసెలు అటు, దసరాకు వాళ్ల పులిహోర ఇటు. ఆ ధైర్యంతోనే వెళ్లి అడిగాను. ఆయన అరుగు మీద పడక కుర్చీలో ఆకులకు సున్నం రాసుకుంటున్నారు. పక్కన గుమాస్తా నిలబడి ఉన్నాడు.

"షావుకారుగారూ, మీ పెరట్లో గోడ దాటాక ఒక మేకు దిగ్గొట్టుకోనిస్తారా?"

"మేకంటే ఎంతండి?"

"నేలలో మూరెడు. పైకి జానెడు."

ఆయన ఆకు చుట్టి నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, అప్పుడు అన్నారు. "ఇవాళ మేకు దిగుద్ది. రేపు మేకు చుట్టూ కంచె లేస్తుంది. ఎల్లుండి కరణంగారొచ్చి హద్దు ఇక్కడే అంటారు. ఎందుకులెండి తంతి మేష్టారూ. మీరు ఆకాశం చూసుకోండి, నేల మాకొదిలెయ్యండి."

గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు కూడా నా దగ్గర భద్రంగానే ఉంది.

నేను ఇంటికి వచ్చేశాను. ఆ రోజునుంచి ఆ గోడ మీదుగా షావుకారుతో మాట్లాడలేదు. ఆడవాళ్ల కూర గిన్నెలు మాత్రం ఆగలేదు. నా మాట చెల్లుబాటు కాని విషయాల్లో అదొకటి. మూడో స్టేని మా గోడ మొదట్లోనే, దాదాపు నిటారుగా కట్టాను. నిటారు స్టేకి పట్టు ఉండదు. ప్రతి తొలకరికీ నా స్తంభం తూర్పుకు ఒరిగేది, నేను ప్రతి తొలకరికీ లాగి నిలబెట్టేవాణ్ణి. లాగిన ప్రతిసారీ షావుకారు మాట గుర్తొచ్చేది. అలా లాగుతూ ఉండబట్టే మరిచిపోలేదేమో అంటుంది మా ఆవిడ. మరిచిపోవలసిన మాటైతే కదా.

స్తంభం నిలబడ్డ ఏడాది బాగానే గడిచింది. చలికాలం పొద్దుట పూట సెట్టు ముందు కూర్చుంటే ఆస్ట్రేలియా నుంచి ఒకాయన దొరికేవాడు. గొర్రెల మందలున్న రైతు. మొదటిరోజు వానల సంగతి అడిగాడు. మాకు మిరపకు వాన ఎక్కువైందన్నాను. వాళ్లకు గడ్డికి చాలలేదన్నాడు. అంతే, స్నేహం కుదిరింది. రోజూ ఒకే వేళకు వచ్చేవాడు. ఆయన మీట కొట్టే తీరు నాకు మనిషి నడకలా తెలిసిపోయేది. ఎవరు పక్కనుంచి పిలిచినా ఆ చప్పుడులోంచి ఆయన్ని గుర్తుపట్టేవాణ్ణి. నందిగామ ఆఫీసులో నేను పంపే తంతులన్నీ ఒకరి చావో, ఒకరి పెళ్లో, ఒకరి బదిలీయో. ఇక్కడ మాత్రం ఒక రైతు తన గొర్రె రెండు పిల్లల్ని వేసిందని నాకు చెప్పుకునేవాడు. అది వినడానికే ఆ స్తంభం. ఎవరికీ అర్థమయ్యేట్టు చెప్పలేకపోయాను గానీ, అంతే సంగతి.

ఆ చలికాలంలోనే అకాల వాన పడి షావుకారుగారి కల్లంలో మిరపకాయలు తడిసి బూజు పట్టాయి. నాలుగో రోజో ఐదో రోజో ఆయనే మా గుమ్మంలోకి వచ్చారు.

"మీ స్తంభం నీడ పొద్దున పూట మా గుమ్మం మీద పడుతోందండి."

"పడితే?"

"ధ్వజస్తంభం నీడ పడిన ఇల్లు నిలవదంటారు."

"ఇది ధ్వజస్తంభం కాదు కదండీ. జెండా లేదు, గంట లేదు, దేవుడు లేడు."

"దేవుడు కూడా లేని స్తంభమైతే మరీ చెడ్డది కదండీ" అన్నారాయన.

అయితే పెద్దమనుషుల్ని పిలిపించండి, వాళ్లే చెబుతారు అన్నాను. ఆయన పిలిపించారు.

నా స్తంభం నీడ ఎంతనుకున్నారు. షావుకారు ఇంటిదాకా పోయేసరికి దారప్పోగులా పలచబడిపోతుంది. వెతికితే గాని కనిపించదు. దానివల్ల మిరపకాయలు తడిశాయంటే, వాన కురిపించగలిగిన నేను ఉద్యోగానికి ఎందుకు పోతాను. ఇదంతా పెద్దమనుషుల ముందు చెప్పాను. వాళ్లు ముగ్గురు వచ్చారు, వాళ్లలో రిటైరైన కరణంగారు పెద్ద. నీడ సరిగ్గా ఎక్కడ పడుతుందో చూసి చెబుతామన్నారు. ముందురోజే మా ఆవిడ, షావుకారు భార్య కలిసి నీడ నడిచే దారిని ముగ్గుతో గీశారు. వ్యాజ్యం మాది, ముగ్గు వాళ్లది. నవ్వుకుంటూ గీశారని కూడా చెప్పాలి. మా ఆవిడ చివర ఒక పద్మం కూడా వేసింది.

పెద్దమనుషులు వచ్చిన రోజు మబ్బు పట్టింది. నీడ అన్నదే లేదు. షావుకారు ఇంట కాఫీ తాగి, మా ఇంట కాఫీ తాగి, ముగ్గు బాగుందని మెచ్చుకుని వెళ్లిపోయారు. మళ్లీ రావడానికి వాళ్లకు శివరాత్రి దాటి ఉగాది దగ్గర పడింది. అప్పటికి సూర్యుడు పక్కకు జరిగాడు. నీడ గుమ్మం వదిలేసి గేదెల కొట్టం మీదికి పోయింది.

"ఏదయ్యా నీడ, గుమ్మం మీదన్నావు?" అన్నారు కరణంగారు.

"చలికాలం పడుద్దండి. ఇప్పుడు కొట్టం మీదికి పోయింది."

"కొట్టానికి దోషం లేదు. గేదెలకు శాస్త్రం వర్తించదు." కరణంగారు నా వైపు తిరిగి, "అయితే మేష్టారూ, చలికాలం పొద్దుటి పూట, నీడ ఆయన గుమ్మం దాటే వేళ దాకా మీ స్తంభం లేవకూడదు. మిగతా కాలమంతా మీ ఇష్టం" అన్నారు.

"నిలబడ్డ స్తంభాన్ని రోజూ ఎలా దించుతానండీ?"

"సైన్యంలో పనిచేసొచ్చారు. మీకు నేను చెప్పాలా?"

అదొక తీర్పు. నాకు కావలసింది చలికాలం పొద్దుటి పూటే. మిగతా కాలమంతా ఇచ్చి ఆ పూట పట్టుకుపోయారు. నేను లేచి వచ్చేశాను. స్తంభం తీసెయ్యలేదు. దించి లేపగలిగేట్టు మళ్లీ కట్టాను. కరణంగారు ఎగతాళికి అన్నారు, నేను చేసి చూపించాను.

మెట్ట చేలల్లో నీళ్లు తోడే ఏతం అందరూ చూసిందే. నిలువు గుంజల మధ్య ఇరుసు మీద అడ్డదూలం ఊగుతుంది. నా స్తంభాన్ని అలాగే చేశాను. రెండు దళసరి నాపరాళ్లను ఎదురెదురుగా నేలలో పాతించాను. రెండింటికీ బెజ్జాలు తొలిపించి ఇనప కడ్డీ దూర్చాను. తాటిదూలం ఆ కడ్డీ మీద తిరుగుతుంది. దూలం మొదట్లో ఒక బండ కట్టాను, పైన ఉన్న బరువును అది తూస్తుంది. పడమటి స్టే విప్పి తాడు వదులుతుంటే స్తంభం మెల్లగా ఒరిగి మా పెరట్లో రెండు దుంగల మీద పడుకుంటుంది. మళ్లీ తాడు లాగితే లేస్తుంది. మొదటిరోజు లేపుతుంటే పాలుపోసే ఆవిడ చెంబు పట్టుకుని నిలబడి చూసింది.

"ఏమయ్యా, ఆకాశంలోంచి నీళ్లు తోడుతున్నారా?"

"నీ పాలల్లో పొయ్యడానికి" అంది మా ఆవిడ.

అలా కొన్నేళ్లు నడిచింది. మంచిదే జరిగిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. నేలమీదికి దిగే స్తంభానికి సేవ చెయ్యడం తేలిక. పై వాసానికి తారు పుయ్యడం, తుప్పుపట్టిన తీగ మార్చడం, కప్పీకి ఆముదం పెట్టడం, తీగ కొసలకు కట్టిన పింగాణీ గుడ్లు తుడవడం, అన్నీ పీట వేసుకు కూర్చుని చేసేవాణ్ణి. కానీ చలికాలం పొద్దున్నే సూర్యుడు పైకి రాగానే దించడం, నీడ షావుకారు గుమ్మాన్ని దాటే వేళ లేపడం. లేపేసరికి ఆస్ట్రేలియా రైతు వెళ్లిపోయేవాడు. తాడు పట్టుకుని నిలబడే మా ఆవిడ ఒకరోజు, "స్తంభంతో పాటు మీ మొహం కూడా దిగుతోంది. రెండింటినీ లేపడం నావల్ల కాదు" అంది.

ఒక వేసవి సాయంత్రం ఆ రైతు అనుకోకుండా దొరికాడు. చలికాలం ఎందుకు కనబడటం లేదని అడిగాడు. పొరుగింటాయన నీడ వద్దన్నాడని మీట కొట్టాను. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. తన పొరుగాయన గుర్రం మీద సగం రోజు దూరంలో ఉంటాడనీ, ఆయన నీడ తన ఇంటిమీద పడితే పండగ చేసుకుంటాననీ కొట్టాడు. అది నాకు బాగా గుర్తుండిపోయింది. పొరుగు లేని మనిషి కాబట్టి అలా అనగలిగాడు.

తర్వాత చెదలు వచ్చాయి. నాపరాళ్ల మధ్య ఉన్న తాటిదూలం మొదలు లోపల్లోపల డొల్ల అయిపోయింది. ఎండాకాలం చివర్లో స్తంభం దించేశాను. మంచి చేవ ఉన్న దూలం కోసం తిరిగి తిరిగి చివరికి వత్సవాయి దగ్గర కొన్నాను. చెక్కించి, తారు పూయించి, పట్టీలు బిగించేసరికి వానలు వచ్చి పోయాయి. స్తంభం తయారై పెరట్లో పడుకుని ఉంది. ఇంకో రెండు రోజుల్లో లేపుదామనుకుంటుండగా షావుకారు భార్య గోడ మీదుగా మా ఆవిడను పిలిచింది. నేను లోపల సెట్టు తుడుచుకుంటున్నాను, కిటికీలోంచి అంతా వినిపిస్తోంది.

"ఏం వదినా, మీ గెడ ఇంకా లేవలేదేం?"

"అన్నయ్యగారికి దోషం కదా, పడుకునే ఉండనీ."

"దోషమో పాడో. నాకు పొద్దు తెలియక చస్తున్నా. కొట్టం రెండో గుంజ మీదికి మీ నీడ వచ్చిందంటే అన్నం వార్చాలి, గుంజ దాటిందంటే క్యారియర్ కట్టెయ్యాలి. కొట్టునుంచి మనిషి వచ్చేసరికి చేతికి అందించేదాన్ని."

"మీ ఇంట్లో అంత పెద్ద గడియారం ఉంది కదా?"

"అది ముందుగదిలో గోడమీద. నేను పొద్దున్నంతా పెరట్లో, మసి చేతులతో. ఎన్నిసార్లు లోపలికి పోయి చూడను? చలికాలం మరీ కష్టం. నీడ తిన్నగా గుమ్మం మీదికే వచ్చేది, ఎంత బాగుండేది. తీర్పులు చెప్పించి దాన్ని దించేశారు మీ అన్నయ్యగారు. దించిన కాణ్నుంచి క్యారియర్ ఒకరోజు ఆలస్యం, ఒకరోజు ముందే కట్టేసి చల్లారిపోవడం, నాకు తిట్లు."

నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఇన్ని చలికాలాలు నేను ఆస్ట్రేలియాను పోగొట్టుకుంటే, అవతల ఆయన వేడన్నం పోగొట్టుకుంటున్నాడు. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అప్పటికప్పుడే ఒక నిర్ణయానికి వచ్చాను. ఆయన నోటితో వచ్చి అడిగేదాకా స్తంభం లేవదు. ఎండాకాలం లేవదు, చలికాలం లేవదు.

మా ఆవిడ తల కొట్టుకుంది. "ఆయన అడగడు. మీరు లేపరు. మధ్యలో ఆ గొర్రెలాయన ఏం చేశాడండీ?"

"ఎదురుచూస్తాడు."

"ఎదురుచూసేవాళ్లు దొరకడమే కష్టం. దొరికినవాళ్లను ఇలా ఎండగట్టకూడదు."

నేను వినలేదు. చలికాలం వచ్చేసింది. పొద్దున్నే అలవాటు కొద్దీ సెట్టు ముందు కూర్చునేవాణ్ణి. నేలమీద పడుకున్న తీగకు గరగర తప్ప ఏమీ వినిపించేది కాదు. ఒకటి రెండుసార్లు ఆ గరగరలో ఆయన మీట వినిపించినట్టే ఉండేది, పట్టుకునేలోగా పోయేది. మనసు లాగేసేది. తాడు పక్కనే ఉంది, లాగితే చాలు. లాగలేదు. మేకు వద్దన్న మాట, గుమాస్తా నవ్వు, గేదెలకు శాస్త్రం లేదన్న తీర్పు, అన్నీ నా చెయ్యి పట్టుకుని ఆపేవి.

చివరికి కదిలింది షావుకారు భార్యే. ఒక మధ్యాహ్నం ఆయన కొట్టునుంచి ఇంటికి వచ్చి చల్లారిన అన్నం గురించి కేకలేస్తుంటే, "మీరు దించిన గడియారాన్ని మీరే లేపించుకోండి. అప్పటిదాకా చల్లన్నమే" అందట. ఏం గడియారమని ఆయన అడిగితే, చెయ్యి పట్టుకుని అరుగు మీదికి తీసుకొచ్చి మా పెరట్లో పడుకున్న స్తంభాన్ని చూపించిందట. ఇది మా ఆవిడకు ఆవిడే చెప్పింది. మా ఆవిడ నాకు రెండుసార్లు చెప్పింది, నేనే రెండోసారి చెప్పమన్నాను.

నేను వీధరుగు మీద తలుపు తీసుకుని కూర్చున్నాను. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు. కుర్చీ కూడా తుడిచి వేయించాను. ఆయన రాలేదు. మా గుమ్మం ముందునుంచే గొడుగు వేసుకుని కొట్టుకు పోయేవాడు, వచ్చేవాడు. నా వైపు చూసేవాడు కాదు.

ఆ వారంలోనే ఒక పొద్దున గోడ అవతల గునపం చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే రాతిపని వాళ్లు ఇద్దరు షావుకారు పెరట్లో గొయ్యి తవ్వుతున్నారు. పక్కన నిలువెత్తు నాపరాయి, దానికి బెజ్జంలో బిగించిన ఇనప రింగు. షావుకారుగారు గొడుగు కింద నిలబడి చూస్తున్నారు. నేను గోడ దగ్గర నిలబడ్డాను. ఇద్దరం కాసేపు గొయ్యినే చూశాం.

"లోతు సరిపోద్దా?" అన్నారు ఆయన, పనివాళ్లతో అన్నట్టు.

"ఇంకో మూరెడు దింపితే మంచిది" అన్నాను, పనివాళ్లతోనే అన్నట్టు.

వాళ్లు దింపారు. రాయి నిలబెట్టి, చుట్టూ మట్టి పోసి, తొక్కారు. అప్పుడు నేను ఉండబట్టలేకపోయాను.

"హద్దు సంగతేంటి షావుకారుగారూ?"

"నా రాయి నా నేలలో ఉంది. మీ తీగ గాల్లో ఉంది. గాలికి హద్దేంటండీ?"

"మరి నీడ?"

ఆయన గొడుగు ఈ భుజం మీదినుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నారు. "మా ఇంటావిడకు పడిందంటండి. మిరపకాయలకు పడినా పడకపోయినా."

అంతే. అడగలేదు. తప్పయిందనలేదు. మేకు విషయంలో అన్న మాట వెనక్కి తీసుకోలేదు. నేను ఎదురుచూసిన మాట ఆ రోజు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కానీ ఒక మనిషి తన నేలలో తన ఖర్చుతో ఇంత రాయి పాతించాక ఇంకా మాట కోసం కూర్చుంటే మా ఆవిడ నన్ను ఇంట్లో ఉండనిచ్చేది కాదు. "ఏమండీ, ఆయన నోరు తెరవలేదు, పెరడు తెరిచాడు. ఇంక తాడు పట్టుకోండి" అంది.

ఆ సాయంత్రమే లేపాం. నేను, మా ఆవిడ తాడు పట్టాం. అవతల షావుకారుగారి గుమాస్తా స్టే తీగ రింగుకు కట్టాడు, ఆనాడు నవ్వినవాడే. ముడి గట్టిగానే వేశాడు, అది కూడా చెప్పాలి. స్తంభం నిటారుగా నిలబడింది. పడమటి వైపు అంత దూరంగా స్టే పట్టు దొరకడం దానికి అదే మొదటిసారి. చేత్తో తీగ మీటితే వీణ తంతిలా మోగింది.

కాకపోతే రింగు పాతించవలసిన చోటుకు రెండడుగులు దక్షిణానికి జరిగింది. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే సరైన చోటు చూపించేవాణ్ణి. అడగలేదు. అందుకని నా స్తంభం ఎప్పుడూ వెంట్రుకవాసి అటు మొగ్గు చూపిస్తూనే ఉంటుంది. ఎవరైనా చూసి వంకరగా ఉందంటే, రాయి నేను పాతలేదని చెబుతాను.

మర్నాడు పొద్దున సెట్టు ముందు కూర్చున్నాను. చాలాసేపు ఎవరూ లేరు. తర్వాత ఆ మీట, ఆ నడక. నన్ను గుర్తుపట్టాడు. నీడ సంగతి ఏమైందని మొదటి మాటగా అడిగాడు. పొరుగింటావిడకు కావలసి వచ్చిందని చెప్పాను. దానికి ఆయన, ఈ ఏడు వాన పడిందనీ గడ్డి మోకాలి ఎత్తు పెరిగిందనీ చెప్పాడు.

ఆ తర్వాత ఎన్ని తొలకరులు వచ్చినా స్తంభం పడలేదు. మధ్యమధ్య తీగ సాగితే గోడ అవతలనుంచి, "అన్నయ్యగారూ, నీడ కాస్త అటు పోయిందండీ, చూసుకోండి" అని కేక వచ్చేది. సగం సార్లు అది తీగ తప్పు కాదు, కాలం తప్పు. సంక్రమణం మారిందమ్మా, సూర్యుడు జరిగాడు అనేవాణ్ణి. "సూర్యుణ్ణి మీరు బిగించలేరు, తీగనైనా బిగించండి" అనేది. బిగించేవాణ్ణి. ఆవిడ తన అరుగు అంచున, కొట్టం గుంజల మీద జాజుతో గీతలు పెట్టుకుంది. అన్నం వార్చే గీత, క్యారియర్ గీత. పండక్కి సున్నం కొట్టినా ఆ గీతలు మాత్రం వదిలేసి కొట్టించేది.

షావుకారుగారు మాత్రం తన నమ్మకం వదల్లేదు. చలికాలం పొద్దున ఆయన అరుగు మీద పడక కుర్చీలో పేపరు చదువుకుంటూ కూర్చుంటారు. నీడ మెల్లగా అరుగు మీదికి పాకుతుంది. కాలి దగ్గరికి వచ్చేసరికి, పేపరు మీదినుంచి కళ్లెత్తకుండానే, కుర్చీని ఒక బెత్తెడు పక్కకు జరుపుకుంటారు. మళ్లీ వస్తుంది, మళ్లీ జరుపుకుంటారు. ఆ జరుపుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అంత నీడకు అంత భయమెందుకు. కానీ సెట్టు ఉన్న గదిలో నాకు గడియారం లేదు, ఉన్న ఒక్కటీ వంటింట్లో ఉంటుంది. కిటికీలోంచి ఆయన రెండోసారి కుర్చీ జరుపుకోవడం కనిపిస్తే, గొర్రెలాయన వచ్చే వేళయిందని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంటాను.